కంట్రోల్ చేప లివరే ఎక్కువ పాడైనట్టు వస్తోంది! ఇమేజ్‌జెలో ఎక్కడ తప్పు చేశాను?

సిరి_జువాలజీ

అందరికీ నమస్కారం. పీహెచ్‌డీ రెండో ఏడులో ఉన్నాను. కొల్లేట్లో కలిసే ఒక మురుగు కాలువ దగ్గర పట్టిన శీలావతి చేపలు ఎనిమిది, కైకలూరు వైపు ఒక రైతు చెరువులో కొన్న శీలావతులు ఎనిమిది తీసుకున్నాను. చెరువువి కంట్రోల్. లివర్ ముక్కల్ని ఫార్మలిన్‌లో వేసి, పారాఫిన్ బ్లాకులు చేసి, 5 మైక్రాన్ల మందాన కోసి, హెచ్ అండ్ ఈ (హిమటాక్సిలిన్, ఇయోసిన్) రంగులు వేశాను. ఒక్కో చేపకు పది ఫోటోల చొప్పున మొత్తం 160.

ఇమేజ్‌జె అనే ఫోటోలు కొలిచే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ఫోటోనూ 8-బిట్, అంటే నలుపు తెలుపు, చేసి, ఓట్సు థ్రెషోల్డ్ (తెలుపుకీ నలుపుకీ మధ్య హద్దు) పెట్టి, తెల్లటి భాగం ఎంత శాతమో లెక్క తీశాను. లివర్ కణాల్లో వాక్యూల్స్, అంటే ఖాళీలు, పెరగడం కాలుష్యం దెబ్బకు గుర్తని చదివిన పేపర్లన్నిట్లో ఉంది. అందుకని తెలుపు ఎక్కువుంటే దెబ్బ ఎక్కువ అనుకున్నాను.

తీరా చూస్తే చెరువు చేపల్లో తెలుపు, కాలువ చేపల కంటే దాదాపు రెట్టింపు! టీ-టెస్ట్‌లో తేడా బ్రహ్మాండంగా వస్తోంది, కాకపోతే తలకిందులుగా. లేబుళ్ళు తారుమారయ్యాయేమోనని మూడుసార్లు సరిచూశాను. అవలేదు. వచ్చే వారం గైడ్‌గారికి చూపించాలి, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఆరు ఫోటోలు కింద పెట్టాను. మొదటి మూడు చెరువువి, తర్వాతి మూడు కాలువవి.

డేటా దొర

థ్రెషోల్డ్ పాత పద్ధతి అండి. ఓట్సు 1979 నాటిది. 160 ఫోటోలున్నాయి కదా, ముక్కలు ముక్కలుగా కోస్తే వేలల్లో అవుతాయి. ఒక న్యూరల్ నెట్‌వర్క్‌కి ట్రైనింగ్ ఇస్తే ఏది కంట్రోలో ఏది కాలువదో అదే చెప్పేస్తుంది. కావాలంటే నేను హైదరాబాద్ నుంచి చేసి పెడతాను. ఫ్రీగానే.

పిక్సెల్ పంతులు

దొరగారూ, ఆగండి. ముందు ఆ అమ్మాయి ఏం కొలిచిందో చూద్దాం.

సిరీ, నువ్వు కొలిచింది దెబ్బను కాదు, తెలుపును. హెచ్ అండ్ ఈ స్లైడులో తెల్లగా కనిపించేవి చాలా ఉంటాయి. కణంలోని కొవ్వు కరిగిపోయిన చోటు తెలుపే. గ్లైకోజెన్ ఉన్న చోటూ తెలుపే. రక్తం కారిపోయిన సైనుసాయిడ్ (లివర్ కణాల మధ్య సన్నటి రక్తపు సందు), రక్తనాళం మధ్య బోలు, బ్లేడు లాగినప్పుడు చిరిగిన చీలిక, స్లైడు అంచున టిష్యూ లేని గాజు, ఇవన్నీ తెలుపే. ఓట్సుకి వీటి మధ్య తేడా తెలియదు. వెలుతురు చుక్కల్ని రెండు గుంపులుగా విడగొట్టడం ఒక్కటే దానికి తెలిసిన పని.

పైగా ఓట్సు ఒక్కో ఫోటోకి ఒక్కో గీత గీస్తుంది. రంగు ముదిరిన స్లైడులో ఒకచోట, పలచబడ్డ స్లైడులో ఇంకోచోట. మరి రెండు గుంపుల స్లైడులకూ ఒకే రోజు రంగులు వేశావా?

ఇంకో సంగతి. నీ రెండో ఫోటోకీ అయిదో ఫోటోకీ నేపథ్యం రంగే వేరుగా ఉంది. ఒకటి నీలం జీర, ఒకటి పసుపు జీర. కెమెరా మారిందా?

సిరి_జువాలజీ

సార్, దొరికిపోయాను. మధ్యలో మైక్రోస్కోప్ కెమెరా పాడైంది. ఆఖరి మూడు చేపల ఫోటోలు ఐపీస్‌కి ఫోన్ ఆనించి తీశాను. అవన్నీ కాలువ చేపలే. రంగులు కూడా కంట్రోల్‌కి ఒక సోమవారం, కాలువ వాటికి ఆ తర్వాతి గురువారం వేశాను. మధ్యలో హిమటాక్సిలిన్ సీసా కొత్తది తెరిచాం.

పిక్సెల్ పంతులు

దొరగారూ, చూశారా? మీ నెట్‌వర్క్ నూటికి నూరు మార్కులు తెచ్చుకునేది. కానీ అది నేర్చుకునేది లివర్ గురించి కాదు. సోమవారం సీసాకీ గురువారం సీసాకీ తేడా, ఫోన్‌కీ కెమెరాకీ తేడా.

డేటా దొర

ఒప్పుకున్నాను 🙂 మా ఆఫీసులో కూడా ఒకసారి ఇలాగే అయింది. మోడల్ వస్తువును వదిలేసి ఫోటో మూలనున్న తేదీని నేర్చుకుంది.

మైక్రోటోమ్ మావయ్య

ముప్పై రెండేళ్ళు కాలేజీ ల్యాబ్‌లో స్లైడులు చేసి రిటైరైనవాణ్ణి. సాఫ్ట్‌వేర్ నాకు రాదు, కళ్ళు మాత్రం ఇంకా పనిచేస్తున్నాయి.

అమ్మాయ్, నీ మూడో ఫోటో పెద్దది చేసి చూడు. కుడివైపు పైమూలన కణాలు అరిసెల్లా ఉబ్బి ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. లోపలి తెలుపు అంచులు ఎలా ఉన్నాయి? దూది పింజల్లా చెదిరి ఉన్నాయి. న్యూక్లియస్ ఎక్కడుంది? నడిమధ్యనే ఉంది. అది కొవ్వు కాదు, గ్లైకోజెన్. కొవ్వయితే గుండ్రంగా, పంచ్‌తో కొట్టినట్టు అంచు తెగి ఉంటుంది. న్యూక్లియస్‌ని ఒక పక్కకి తోసేస్తుంది. రెండో ఫోటో కింది భాగంలో అలాంటివి నాలుగైదు ఉన్నాయి, అవి కొవ్వు. అంతే.

గ్లైకోజెన్ అంటే రోగం కాదమ్మా. తిన్నది దాచుకోవడం. నీ చెరువు చేపలు సుష్టుగా భోంచేసి వచ్చాయి.

నమ్మకం లేకపోతే పీఏఎస్ రంగు వేసి చూడు. అదే బ్లాకులోంచి పక్కపక్కనే రెండు కోతలు తియ్యి. ఒకదానికి రంగుకి ముందు గ్లైకోజెన్‌ని కరిగించే డయాస్టేజ్ పెట్టు. గ్లైకోజెన్ అయితే డయాస్టేజ్ పెట్టని దాంట్లో ముదురు గులాబీ వస్తుంది, పెట్టిన దాంట్లో పోతుంది. డయాస్టేజ్ లేకపోతే ఉమ్మి వెయ్యి. నవ్వకండి. ఉమ్మిలో అమైలేజ్ ఉంటుంది, మా రోజుల్లో పొద్దున్నే నోరు పుక్కిలించి స్లైడు మీద ఉమ్మి అరగంట ఉంచేవాళ్ళం.

కొవ్వు సంగతికి పారాఫిన్ పనికిరాదు. ఆల్కహాల్‌లో, జైలీన్‌లో కొవ్వు కరిగిపోయి బొక్క మిగులుతుంది. ఫార్మలిన్‌లో ఇంకా లివర్ ముక్కలు మిగిలి ఉంటే వాటిని గడ్డకట్టించి కోసి, కొవ్వును ఎర్రగా చూపే ఆయిల్ రెడ్ ఓ రంగు వెయ్యాలి.

ఫార్మలిన్ అంటే గుర్తొచ్చింది. బఫర్ కలిపావా?

సిరి_జువాలజీ

లేదు సార్. ల్యాబ్‌లో ఉన్న ఫార్మలిన్‌లో నీళ్ళు పోసి పది శాతం చేశాను.

మైక్రోటోమ్ మావయ్య

అనుకున్నా. అయిదో ఫోటోలో ఆ నల్ల గోధుమరంగు పొడి చూసినప్పుడే అనుమానం వచ్చింది. బఫర్ లేని ఫార్మలిన్ పులిసి, రక్తంలోని హీమోగ్లోబిన్‌తో కలిసి అలాంటి పొడి దించుతుంది. నువ్వు దాన్ని మెలనోమాక్రోఫేజ్ (రంగు పొడి నిండిన రక్షణ కణాల) గుంపు అని లెక్కపెట్టేశావేమో చూసుకో.

చలిదేశం

నార్వేలో ఉంటాను, చేప రోగాల ల్యాబ్‌లో పని. మావయ్యగారు చెప్పిన దానికి చిన్న చేర్పు. నిజమైన మెలనోమాక్రోఫేజ్ గుంపుల్లో మెలనిన్, లైపోఫ్యూసిన్, హీమోసిడెరిన్ కలగలిసి ఉంటాయి. కాలుష్యంలో ఉన్న చేపల్లో ఇవి పెరగడం చాలామంది చూశారు. కానీ ముసలి చేపల్లో, పస్తులున్న చేపల్లో కూడా పెరుగుతాయి. పెర్ల్స్ రంగు వేస్తే హీమోసిడెరిన్‌లోని ఇనుము నీలంగా కనిపిస్తుంది. ఫార్మలిన్ పొడి నీలంగా మారదు, పోలరైజ్డ్ వెలుతురులో మాత్రం మెరుస్తుంది. సులువైన పరీక్ష.

అయిదో ఫోటో ఎడమ సగం నాకు ఆసక్తిగా ఉంది. అక్కడ న్యూక్లియస్‌లు కుంచించుకుపోయి నల్లటి చుక్కలయ్యాయి, చుట్టూ కణం గులాబీ రంగులో గడ్డకట్టింది. సైనుసాయిడ్లు ఎర్ర కణాలతో కిక్కిరిసి ఉన్నాయి. ఇది దెబ్బ. నీ తెలుపు లెక్కలో ఇది ఒక్క పిక్సెల్ కూడా పడలేదు. కణం చచ్చిపోయి ముద్దయితే తెలుపు తగ్గుతుంది మరి!

పిక్సెల్ పంతులు

అదీ అసలు కిటుకు. మనం చూస్తున్న మార్పు తెలుపును పెంచుతుందా తగ్గిస్తుందా అన్నది ముందే తెలియాలి.

చెరువుగట్టు

నమస్కారం. నేను చదువుకున్నోణ్ణి కాదు, ఆకివీడు దగ్గర చెరువులున్నాయి. మా అబ్బాయి ఈ చర్చ చూపించాడు.

పాపా, ఆ చెరువు చేపలకి మేత ఏంటో కనుక్కున్నావా? మా దగ్గర నూనె తీసిన తవుడు సంచుల్లో పోసి, సంచికి చిల్లులు పొడిచి, కర్రలకి కట్టి నీళ్ళలో వేలాడదీస్తాం. చేప వచ్చి సంచిని పొడుచుకుని తింటది. పొద్దున కట్టిన సంచి సాయంత్రానికి ఖాళీ. పట్టుబడికి ముందు ఇంకా దండిగా పెడతాం, తూకం రావాలి కదా. అలాంటి చేపని కోస్తే కార్జం లేతగా, పాలిపోయి ఉంటది. వేలితో నొక్కితే చితికిపోద్ది.

ఇంకో మాట. మురుగు కాలువలో శీలావతి ఎక్కడిది? వానాకాలం గట్లు తెగితే మా చేపలే కొట్టుకుపోయి కాలువలో పడతాయి. నువ్వు పట్టినవి నిన్నమొన్నటి దాకా ఎవరి చెరువులోనో తవుడు తిన్నవే అయ్యుండొచ్చు. అది ఆ మురికి నీళ్ళలో ఎన్నాళ్ళుందో నీకెలా తెలుస్తది?

చలిదేశం

చెరువుగట్టు గారూ, ఈ థ్రెడ్ మొత్తంలో అసలైన ప్రశ్న ఇదే. మాలో ఎవరికీ తట్టలేదు.

సిరి_జువాలజీ

బాబాయ్ గారూ, నిజంగా నోట మాట రావడం లేదు. రైతు దగ్గర కొన్నప్పుడు మేత గురించి ఒక్క ముక్క కూడా అడగలేదు. కాలువ చేపలు పట్టింది అక్టోబర్‌లో, అంతకు ముందు వరదలే.

అంటే నా పని మొత్తం పోయినట్టేనా?

పిక్సెల్ పంతులు

పోలేదు. బ్లాకులున్నాయిగా. స్లైడు మళ్ళీ చేసుకోవచ్చు, ఫోటో మళ్ళీ తీసుకోవచ్చు. వరసగా చెప్తాను, తొందరపడకు.

పదహారు చేపల బ్లాకుల నుంచీ కొత్త కోతలు తీసి, రెండు గుంపుల్నీ కలిపి ఒకే బుట్టలో, ఒకే రోజు రంగు వెయ్యి. బుట్టలో పట్టకపోతే ప్రతి బుట్టలోనూ సగం కంట్రోల్, సగం కాలువ. ఫోన్ వద్దు. ఫోన్ ప్రతి ఫోటోకీ తెలుపును తనకు నచ్చినట్టు సర్దేస్తుంది, అడక్కుండానే అంచులు పదును పెడుతుంది. కెమెరాలో వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్ ఒకసారి పెట్టి తాళం వెయ్యి. టిష్యూ లేని ఖాళీ గాజు ఫోటో ఒకటి తీసి పెట్టుకో, మూలల్లో వెలుతురు తగ్గడాన్ని దాంతో సరిచెయ్యొచ్చు. జేపెగ్ కాదు, టిఫ్.

స్కేలు. స్టేజ్ మైక్రోమీటర్ అని ఒక గాజు స్లైడు ఉంటుంది, దాని మీద ఒక మిల్లీమీటరును వంద భాగాలు చేసి గీస్తారు. ఒక్కో గడి 10 మైక్రాన్లు. నువ్వు వాడే ఆబ్జెక్టివ్‌తో దాన్ని ఫోటో తీసి, ఇమేజ్‌జెలో పిక్సెల్‌కి ఎన్ని మైక్రాన్లో ఇవ్వు. ఇది లేకుండా న్యూక్లియస్ వైశాల్యం అనే మాట ఎత్తకూడదు.

8-బిట్ చెయ్యడం కూడా మానెయ్. రుయ్‌ఫ్రోక్, జాన్‌స్టన్ 2001లో చెప్పిన కలర్ డీకన్వల్యూషన్ ఉంది, ఇమేజ్‌జెకే మరో రూపమైన ఫిజీలో సిద్ధంగా దొరుకుతుంది. అది హిమటాక్సిలిన్ నీలాన్నీ ఇయోసిన్ గులాబీనీ విడదీసి రెండు ఫోటోలుగా ఇస్తుంది. నీలం ఫోటోలో న్యూక్లియస్‌లు తేలతాయి. వాటి మీద థ్రెషోల్డ్ పెట్టి, అతుక్కున్న వాటిని వాటర్‌షెడ్‌తో విడగొట్టి, వైశాల్యం, గుండ్రదనం, నలుపు ఎంతో కొలువు. కుంచించుకుపోయిన న్యూక్లియస్ చిన్నగా, చిక్కగా వస్తుంది. అది చలిదేశం గారు చూపిన దెబ్బకు నిజమైన కొలత. మరీ చిన్న చుక్కలు మాత్రం కోతలో కొసకి తగిలిన మంచి న్యూక్లియస్‌లు కావచ్చు, వాటికి ఒక హద్దు పెట్టి వదిలెయ్.

కొవ్వు బొక్కల్ని గుండ్రదనంతో వేరు చెయ్యొచ్చు. సూత్రం 4π × వైశాల్యం ÷ చుట్టుకొలత వర్గం. పూర్తి గుండ్రానికి 1. సైనుసాయిడ్లు పొడుగు సందులు కాబట్టి చాలా తక్కువ వస్తాయి. ఎంత దగ్గర గీత గీయాలన్నది ముందు నీ చేత్తో గుర్తించిన ఓ రెండొందల ఖాళీల మీద చూసుకుని నిర్ణయించు. పేపర్లోంచి అంకె ఎత్తుకొచ్చి పెట్టకు.

మైక్రోటోమ్ మావయ్య

పంతులుగారూ, ఇంత హంగామా ఎందుకు? గళ్ళ ఐపీస్ పెట్టి చుక్కలు లెక్కపెట్టుకోమనండి. 1847లో డెలెస్ అనే ఆయన రాళ్ళ మీద చెప్పాడు, కోతలో కనిపించే వైశాల్యం వంతే ఘనపరిమాణం వంతు అని. నూరు చుక్కల గడి వేసి, ఏ చుక్క దేని మీద పడిందో రాసుకుంటే చాలు. చుక్క చిరుగు మీద పడితే మనిషికి తెలుస్తుంది, కంప్యూటర్‌కి తెలియదు.

పిక్సెల్ పంతులు

నిజమే. ఇమేజ్‌జెలోనే గ్రిడ్ పరిచి చెయ్యొచ్చు. అసలు ఇరవై ఫోటోల మీద రెండు పద్ధతులూ చేసి పోల్చుకుంటే థ్రెషోల్డ్‌ని ఎంత నమ్మొచ్చో తెలిసిపోతుంది. నేనైతే పేపర్‌లో ముందు ఆ పోలికే వెతుకుతాను.

చలిదేశం

అన్నిటినీ సాఫ్ట్‌వేర్‌తో కొలవలేం కూడా. వాపు, కణాల చావు, రక్తం గడ్డకట్టడం లాంటి వాటికి మార్కులేసే పద్ధతి ఒకటుంది, బెర్నెట్, తోటివాళ్ళూ 1999లో పెట్టింది. ప్రతి మార్పుకూ తీవ్రతను బట్టి 0 నుంచి 6 దాకా మార్కు, ఆ మార్పు ఎంత ప్రమాదకరమో చెప్పే బరువు 1 నుంచి 3 దాకా. గుణించి కూడితే అవయవం మొత్తానికి ఒక సూచిక. గ్లైకోజెన్ తగ్గడానికీ కణాలు చావడానికీ ఒకే బరువు ఉండదు. నీ తెలుపు శాతంలో పోయింది ఆ విచక్షణే.

మార్కులేసేటప్పుడు మాత్రం ఏ స్లైడు ఎవరిదో నీకు తెలియకూడదు. లేబుళ్ళ మీద ఫ్రెండ్ చేత అంకెలు అంటించు. మరి ఆ పది ఫోటోలు తీసే చోట్లు ఎలా ఎంచావు?

సిరి_జువాలజీ

కాలువ చేపల్లో దెబ్బ బాగా కనిపించిన చోట్లు వెతికి తీశాను మేడమ్. కంట్రోల్‌లో శుభ్రంగా ఉన్న చోట్లు.

మైక్రోటోమ్ మావయ్య

ఆహా!

చలిదేశం

మొదట్లో అందరం అలాగే చేశాం సిరీ, సిగ్గుపడకు. ఇకమీదట స్టేజీని ఒక మూల నుంచి లెక్కపెట్టిన గడులు జరుపుతూ, ఆగిన చోట తియ్యి. పెద్ద రక్తనాళం వస్తే రానీ. కార్ప్ జాతి లివర్‌లో పాంక్రియాస్ కణాలు కలిసి ఉంటాయి, ముదురు ఊదా రంగులో రక్తనాళాల చుట్టూ కనిపిస్తాయి. వాటిని మాత్రం గీత గీసి లెక్కలోంచి తీసెయ్, లేకపోతే న్యూక్లియస్ కొలతలన్నీ కలుషితం.

డేటా దొర

ఒక్కటి నేనూ చెప్తాను. టీ-టెస్ట్‌లో ఎన్ (నమూనాల సంఖ్య) పక్కన ఎంత రాశారు? 80, 80 అనా?

సిరి_జువాలజీ

అవును. తప్పా?

డేటా దొర

తప్పే. చేపలు ఎనిమిది, ఎనిమిది. ఒక్క లివర్‌ని పదిసార్లు ఫోటో తీస్తే పది చేపలు అయిపోవు కదా. మీకు తేడా అంత బ్రహ్మాండంగా రావడానికి అదీ ఒక కారణం. ఒక్కో చేపకి సగటు తీసి దాంతో చెయ్యండి, లేదా చేపను ఒక మెట్టుగా పెట్టి మిక్స్‌డ్ మోడల్ వాడండి. అదీ కాక మీకున్నది ఒకే చెరువు, ఒకే కాలువ. ఆ రెండు నీళ్ళ మధ్య తేడా వరకే చెప్పగలరు, కాలుష్యం అనేదాని గురించి కాదు.

పిక్సెల్ పంతులు

దొరగారికి నా నమస్కారం. మొదటి పోస్టుకి పడ్డ మొట్టికాయ వెనక్కి తీసుకుంటున్నాను.

చెరువుగట్టు

నాకు తెలిసింది ఒకటి చెప్తాను. ఒకే హేచరీ పిల్ల, ఒకే సైజు, ఒకేరోజు తెచ్చింది రెండు వాటాలు చెయ్యండి. హాపాలు, అంటే వల గూళ్ళు, కట్టండి, కొన్ని మంచినీళ్ళలో, కొన్ని కాలువ దిగువన. రెండు చోట్లా ఒకే మేత, ఒకే తూకం. నెల తర్వాత తియ్యండి. అప్పుడు ఏ చేప ఎక్కడ ఎన్నాళ్ళుందో లెక్క మీ చేతిలో ఉంటది. కాలువలో హాపా కడితే కాపలా మనిషి కావాలి, లేకపోతే చేపలూ ఉండవు, వలా ఉండదు.

చేపని తీసినాక అక్కడే గట్టు మీదే కొయ్యండి. ఐసులో పెట్టి బస్సులో తీసుకుపోతే కార్జం సగం కుళ్ళిపోద్ది. చేదు పగలకుండా చూసుకోవాలి, పగిలిందా కార్జమంతా పచ్చగా అయిపోద్ది.

చలిదేశం

నూటికి నూరు పాళ్ళు. చేప చచ్చాక లివర్ చాలా త్వరగా తనను తానే అరిగించుకుంటుంది, ఫోటోలో అది కూడా కణాల చావులాగే ఉంటుంది. లవంగ నూనెతో మత్తిచ్చి, తూకం వేసి, లివర్ తీసి దాన్నీ తూచి, వెంటనే బఫర్ ఫార్మలిన్‌లో వెయ్యాలి. అర సెంటీమీటరుకు మించని మందం. లివర్ బరువుని ఒంటి బరువుతో భాగించి వందతో గుణిస్తే వచ్చే అంకెను రాసుకో, మేత తేడా ముందు అక్కడే బయటపడుతుంది. ఆడదో మగదో కూడా రాయి. గుడ్లు కట్టే కాలంలో ఆడ చేప లివర్ వేరేగా ఉంటుంది. ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తెచ్చుకో.

నీళ్ళ పరీక్ష కూడా పక్కనే నడవాలి. ఫోటోలో దెబ్బ కనిపిస్తుంది గానీ కొట్టినవాడు కనిపించడు. కాడ్మియమా, పురుగుమందా, అమ్మోనియానా, ఆక్సిజన్ చాలకపోవడమా, వీటిలో చాలావాటికి లివర్ దాదాపు ఒకేలా స్పందిస్తుంది.

డేటా దొర

మందుల ఫ్యాక్టరీలున్న మా పటాన్‌చెరు వైపు సంగతి గుర్తొచ్చింది. అక్కడ శుద్ధి చేసి వదిలిన నీళ్ళలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ వాళ్ళు 2007లో రాశారు. ఆ నీళ్ళలో ఏముందో రసాయన పరీక్షే చెప్పింది, ఏ ఫోటో చూసినా ఆ పేరు బయటికొచ్చేది కాదు.

సిరి_జువాలజీ (ఆరు వారాల తర్వాత)

అందరికీ మళ్ళీ నమస్కారం. గైడ్‌గారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. కాసేపు మౌనంగా ఉండి, "ఆ రైతు గారి నంబర్ ఉందా?" అన్నారు.

పీఏఎస్ వేశాను. చెరువు చేపల లివర్ మొత్తం ముదురు గులాబీ. పక్క స్లైడు మీద ఉమ్మేశాను మావయ్యా, నిజంగానే, ల్యాబ్‌లో ఎవరూ లేనప్పుడు. అరగంటకి రంగు మాయం! కాలువ చేపల్లో మొదటి నుంచీ రంగు అంతంతమాత్రమే. సీసాలో మిగిలిన ముక్కలకి ఆయిల్ రెడ్ ఓ వేస్తే కొవ్వు అక్కడక్కడే ఉంది. అయిదో ఫోటోలోని గోధుమ పొడి పెర్ల్స్‌లో నీలం కాలేదు. నేను రాసుకున్న మెలనోమాక్రోఫేజ్ లెక్కలో సగం పైన కొట్టేశాను.

లేబుళ్ళు మూసి, గడులు జరుపుతూ మళ్ళీ ఫోటోలు తీశాను. కుంచించుకుపోయిన న్యూక్లియస్‌లు కాలువ చేపల్లో ఎక్కువే ఉన్నాయి, కానీ ఎనిమిదింట్లో అయిదింటికే. మిగిలిన మూడూ చెరువు చేపల్లాగే ఉన్నాయి. ఆ మూడింటి లివర్‌లో గ్లైకోజెన్ కూడా దండిగా ఉంది. బాబాయ్ గారు చెప్పినట్టు అప్పుడే గట్టు తెగి వచ్చినవి అయ్యుంటాయని అనుమానం. నిరూపించలేను, అలాగే రాస్తాను.

హాపాల పనికి అనుమతి కాగితాలు పెట్టాం.

మైక్రోటోమ్ మావయ్య

ఈసారి ఫార్మలిన్‌లో బఫర్ కలుపు. సీసా మీద తేదీ వెయ్యి.

చెరువుగట్టు

మంచిది పాపా. నాదొక సందేహం. చెరువు చేపల కార్జం నిండా మేతే ఉందన్నావు కదా, నేను తవుడు తగ్గించాలా వద్దా? తూకం తగ్గకూడదు.

చలిదేశం

చేప ఉషారుగా తింటూ, పట్టుబడిలో చావులు లేకుండా ఉంటే గ్లైకోజెన్ చూసి భయపడక్కర్లేదు. మీ చెరువు చేపవి రెండు కోసి సిరి చేత ఆయిల్ రెడ్ ఓ వేయించండి. కొవ్వు నిండిపోయి ఉంటే అప్పుడు మేత గురించి మాట్లాడదాం.

చెరువుగట్టు

రెండెందుకు, నాలుగు ఇస్తాను. మిగిలింది కూర వండుకోండి. హాపాలకి వెదురు గెడలు కొట్టించి పెట్టాను, అనుమతి వచ్చిన రోజు ఫోన్ చెయ్.